నా జవాబు ఆమె చెప్పింది

అసూయ గురించి రాసేవాళ్లు అదేదో చిన్నప్పుడు పోసి తగ్గిపోయిన అమ్మవారిలా రాస్తారు. నాది తగ్గలేదు. ఇప్పటికీ ఏ పత్రికలోనైనా ఆమె వ్యాసం కనబడితే మొదట పేజీ తిప్పేస్తాను. కాసేపయ్యాక వెనక్కి తిప్పి మొత్తం చదువుతాను. బాగుంటుంది. ఆ బాగుండటమే నాకు పడదు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఢిల్లీలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక మూడో అంతస్తు గదిలో నేనూ ఆమే ఉంటూ సివిల్స్‌కి చదివేవాళ్లం. నాది కడప జిల్లాలో ఒక పల్లె. మా నాయన పోస్టుమ్యాన్. ఊళ్లో అందరూ ‘పోస్టాయన’ అంటారు, నన్ను ‘పోస్టాయన కూతురు’ అంటారు. ఆమెది హైదరాబాదు. తండ్రి ప్రొఫెసర్, తల్లి కూడా కాలేజీలోనే పాఠాలు చెప్పేది. వాళ్ల ఇంట్లో పుస్తకాల కోసం ఒక గది ఉందని ఆమె ఒకసారి మాటల్లో అంది. గొప్పకు చెప్పలేదు. మేము మా ఇంట్లో ఎద్దుల్ని కట్టే గాటిపాడు ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. గొప్పకు చెప్పి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ఇద్దరిదీ ఆప్షనల్ సోషియాలజీ. ఆ కోచింగ్ క్లాసులోనే ఆయన నా జీవితంలోకి వచ్చాడు. ఫ్రాన్స్ దేశపు పండితుడు, అప్పటికి పోయి కొన్నేళ్లే అయింది. మా సిలబస్‌లో లేడు. వర్గం గురించి రాసేటప్పుడు ఆయన మాట ఒకటి చేరిస్తే పేపరు దిద్దేవాడు ఆగి చూస్తాడని సారు చెప్పాడు. బోర్డు మీద పేరు రాసి నన్ను చదవమన్నాడు. నేను ఇంగ్లీషు అక్షరాలు ఎలా ఉంటే అలా, ఒక్కటీ వదలకుండా, గట్టిగా చదివాను. వెనక బెంచీలు నవ్వాయి. పక్కనుంచి ఆమె నెమ్మదిగా, ఎవరినీ సరిదిద్దుతున్నట్టు కాకుండా, ఆ పేరు పలికింది. అందులో సగం అక్షరాలు ఆమె గొంతులోనే ఆగిపోయాయి. సారు ‘వెరీ గుడ్’ అన్నాడు. ఆ పేరు ఈ రోజుకీ నేను పైకి పలకను. ఇక్కడా రాయను. ‘ఆయన’ అంటే చాలు.

ఆ అవమానంతోనే ఆయన వెంట పడ్డాను. దర్యాగంజ్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పోసి అమ్ముతారు. అక్కడ ఒక పాత ఇంగ్లీషు పత్రికలో ఆయన పోయినప్పుడు రాసిన వ్యాసం దొరికింది. అందులో ఉంది: కొండల పక్కన మారుమూల పల్లె, తండ్రి మొదట కౌలు సేద్యం చేసి తర్వాత పోస్టుమ్యాన్ అయ్యాడట. హాస్టల్లో చదివాడు. ఆయన పల్లె యాసకు పట్నం పిల్లలు నవ్వారు. తర్వాత ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద చదువుల మేడ మీదికే ఎక్కి కూర్చున్నాడు. నేను ఆ ఫుట్‌పాత్ మీదే నిలబడి చదివాను. జనం తోసుకుంటూ పోతున్నారు, ‘మేడమ్, లేనా హై తో లో’ అని, కొంటే కొనమని, కొట్టువాడు గొణుగుతున్నాడు. ఆయన నా మనిషి అనిపించింది. చుట్టం దొరికినట్టయింది.

ఆయన చెప్పిన సంగతి నాకు పుస్తకం అక్కర్లేకుండానే అర్థమైంది. వర్గమంటే ఆస్తి ఒక్కటే కాదు. ఎలా కూర్చుంటాం, ఎలా నవ్వుతాం, ఏ పాట బాగుందంటాం, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ముందు గొంతు ఎంత ఎత్తులో పెడతాం, ఇవన్నీ నగల్లాగే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి. నగలకు తాళం ఉంటుంది, వీటికి అదీ అక్కర్లేదు. బడి ఈ వారసత్వానికి మార్కులేసి, దానికి ‘తెలివి’ అని పేరు పెడుతుంది. ఓడినవాడు కూడా నాకు తెలివి లేదనే నమ్మి ఇంటికి పోతాడు. ఈ మాట చదివిన రోజు నాకు రెండు రకాలుగా కడుపు మండింది. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనందుకు ఒకటి, ఆ గదిలో నా ఎదుటి మంచం మీద ఆ మాటకు రుజువు కాళ్లు చాపుకుని యాపిల్ తింటున్నందుకు ఇంకొకటి.

ఆమె నలిగిన చేనేత కుర్తా వేసుకుని క్లాసుకు వచ్చేది. సింపుల్‌గా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. నేను నలిగిన బట్టతో బయటికి అడుగు పెడితే దాని పేరు వేరు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తని ఊరికే అన్నారా. కరోల్ బాగ్‌లో ఏదైనా తినడానికి వెళ్తే ఆమె చేత్తో కలుపుకుని వేళ్లు నాకేది. నేను చెంచాతో తినేదాన్ని. చేత్తో తినే హక్కు కూడా ఆమెకే ఉంది. రిక్షా భయ్యాతో ఆమె నవ్వుతూ మాట్లాడితే పది నిమిషాల్లో అతని ఊరు, పిల్లలు, అన్నీ తెలిసిపోయేవి. నేను హిందీలో లింగం ఎక్కడ తప్పుతుందో అన్న భయంతో ‘ఠీక్ హై భయ్యా’ దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇంత చెప్పి ఆమె చెడ్డది అనలేకపోవడం నా దురదృష్టం. నాకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. అప్పుడు కూడా ఎంత చక్కగా మారుస్తోందో అనుకున్నాను, ఏడుపుతోనే.

ఆయన తండ్రి సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. అది నా ఆస్తి. ఇంటర్వ్యూలో వాడుకోవాలని దాచుకున్నాను. బోర్డు ముందు కూర్చుంటాను, సోషియాలజీ మాట వస్తుంది, ఆయన సంగతి ఎత్తుతాను, ఆయన పోస్టుమ్యాన్ కొడుకు, నేను పోస్టుమ్యాన్ కూతుర్ని అంటాను, బోర్డు మొత్తం ముందుకు వంగుతుంది. ఆ దృశ్యం అద్దం ముందు ఎన్నిసార్లు ఆడానో. నాకది ఆఖరి అవకాశం. వయసు అయిపోయింది. ఆ ఏడు కాకపోతే ఊరికెళ్లి ప్రైవేటు బళ్లో సోషల్ చెప్పుకోవడమే.

ఆ వీధుల్లో ఇంకో ఆచారం ఉండేది. పరీక్ష ఫారంలో ‘హాబీ’ అని ఒక గడి ఉంటుంది. హాబీ మా ఊళ్లో పండని పంట. సినిమా పాటలు వినడం, పక్కింటివాళ్లతో మాట్లాడటం హాబీలు కావట. అందుకని సీనియర్లు జూనియర్లకు హాబీలు పంచేవాళ్లు, పెళ్లిలో తాంబూలం పంచినట్టు. ఒకరికి చదరంగం, ఒకరికి స్టాంపుల సేకరణ. నా వంతుకు తోటపని వచ్చింది. మా అమ్మ చేనులో కలుపు తీసేటప్పుడు ఎప్పుడూ దాన్ని హాబీ అనుకున్నట్టు లేదు. సాక్ష్యంగా కిటికీలో ఒక మనీప్లాంటు సీసా పెట్టాను. ఆమె హాబీ పక్షుల్ని చూడటం. చిన్నప్పటి నుంచి తండ్రితో తెల్లవారకముందే వెళ్లేదట. ఎవరూ పంచక్కర్లేదు, ఇంట్లో ఉంది.

అదే ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను ‘ప్రభుత్వ సేవ’ అని రాశాను. మా వీధిలో అందరం అలాగే రాసేవాళ్లం. బంట్రోతు కొడుకూ ప్రభుత్వ సేవే, కలెక్టరు కొడుకూ ప్రభుత్వ సేవే. బోర్డువాళ్లు ఏ శాఖ అని అడుగుతారు, అప్పుడు నా బాణం తీయాలని నా లెక్క. పక్కన కూర్చుని ఆమె తన ఫారం నింపుతూ నాది చూసింది.

రాత పరీక్ష ఇద్దరం గట్టెక్కాం. ఇంటర్వ్యూ ముందు అశోకా రోడ్ వైపు ఒక గెస్ట్ హౌసులో రిటైరైన తెలుగు ఆఫీసరు ఒకాయన మన పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టేవాడు. నన్ను గులాబీలకు వచ్చే తెగుళ్లు అడిగాడు. వేరుశెనక్కి వచ్చేవి అడిగితే అక్కడే క్లాసు పీకేదాన్ని. మనీప్లాంటుకు నీళ్లు ఎప్పుడు మార్చాలో చెప్పాను. ఆమెను ఢిల్లీ శీతాకాలం పక్షులు అడిగాడు. ఆమె యమున ఒడ్డుకు వచ్చే బాతుల గురించి చెబుతుంటే ఆయన ప్రశ్నలు అడగడం మానేసి తన ఉద్యోగం రోజుల్లో చూసిన కొంగల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూ కాస్తా పెద్దవాళ్ల కబుర్లయిపోయింది. తర్వాత అందరం క్యాంటీన్లో భోజనం చేశాం. గోంగూర పచ్చడి బాగుందని అందరూ మళ్లీ వేయించుకున్నారు. ఆ ఆఫీసరు చేయి కడుక్కుంటూ నాతో, ‘నువ్వు బాగానే చెప్తావమ్మా, కొంచెం ఈజ్ కావాలి’ అన్నాడు. ఆ ఈజ్, ఆ తొణకని తీరు, ఏ కొట్లో దొరుకుతుందో ఫ్రాన్స్ ఆయన అప్పటికే చెప్పేశాడు కాబట్టి నేను అడగలేదు.

ఆమె ఇంటర్వ్యూ నాకంటే వారం ముందు పడింది. తల్లి చీర కట్టుకుని వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చింది, మొహం వెలిగిపోతోంది. చీర కూడా మార్చకుండా నా మంచం మీద కూర్చుంది. ఏం అడిగారని నేనే అడిగాను.

ఏ ఆలోచనాపరుడు ఈ దేశాన్ని నీకు బాగా అర్థం చేయించాడని ఛైర్మన్ అడిగాడట. ఆమె ఆయన పేరు చెప్పింది. ఉదాహరణ ఇవ్వమన్నారు. ఇచ్చింది. ఆయన ఒక పోస్టుమ్యాన్ కొడుకు, నా రూమ్మేట్ ఒక పోస్టుమ్యాన్ కూతురు, అని మొదలుపెట్టిందట.

నేను దర్యాగంజ్ దుమ్ములో ఏరుకుని దాచుకున్న రహస్యం ఆమెకు ఎప్పుడో తెలుసు. ఆయన పుస్తకాలు వాళ్ల ఇంటి గదిలోనే ఉన్నాయి.

తర్వాత మా నాయన గురించి చెప్పిందట. చలికాలం ఎండలో మేడమీద శెనక్కాయలు ఒలుచుకుంటూ నేనే ఒకసారి ఆమెకు చెప్పిన సంగతి. మా నాయన ఏ పెద్దింటి గడపా దాటడు. వీధిలో సైకిల్ ఆపి బెల్లు కొడతాడు. మనియార్డరైనా రిజిస్టరు ఉత్తరమైనా సంతకం పెట్టాల్సిన మనిషి వీధిలోకి రావాల్సిందే. లోపలికి పోతే కూర్చోమంటారో లేదో, అంటే ఎక్కడ కూర్చోమంటారో, ఆ తంటా ఆయనకు వద్దు. మిద్దెల్లో ఉండే పెద్ద పెద్దోళ్లు పంచె ఎగ్గట్టుకుని ఆయన సైకిల్ దగ్గరికి వచ్చేవాళ్లు. మా నాయన సీటు దిగకుండా, ఒక కాలు నేలకు ఆనించి, పెన్ను అందించేవాడు. నేను చెప్పింది ఇది.

ఆమె బోర్డుకు చెప్పింది వేరే. ఇన్నేళ్లు ఊరంతటికీ ఉత్తరాలు మోసిన మనిషి ఇప్పటికీ ఏ ఇంటి గడపా దాటలేదని, ఆ గడప ఆయన ఒంట్లోనే ఉందని, ఎవరూ వద్దనక్కర్లేకుండా ఆయనే ఆగిపోతాడని, అలాంటి ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఇవాళ తన పక్క మంచం మీద ఇదే పరీక్షకు చదువుతోందని. బోర్డులో ఒక మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుందట.

“అది నేను చెప్పాలనుకున్నా” అన్నాను.

ఆమె మొహం మారింది. “అయ్యో. నువ్వు ఫామ్‌లో గవర్నమెంట్ సర్వీస్ అని రాశావ్ కదా. నీకు అది చెప్పుకోవడం ఇష్టం లేదనుకున్నా. నీ పేరు చెప్పలేదు, నిజంగా.”

పేరు చెప్పకపోవడమే పుండు మీద కారం. నేను పేరు లేని ఉదాహరణనయ్యాను.

“మా నాయన ఆగిపోడు. లోపలికి పోనే పోడు. వాళ్లనే బయటికి పిలిపిస్తాడు” అన్నాను.

ఆమె చాలా మెత్తగా, నా చేయి పట్టుకుని చెప్పింది. “అదే కదా యార్, ఆయన అనేదీ. దాటలేని గడపని దాటనుపో అనుకుంటాం. దాన్ని మన గౌరవం చేసుకుంటాం. లేకపోతే బతకలేం కదా.”

ఫ్రాన్స్ ఆయన నిజంగా అలాగే అన్నాడు. నేనూ చదివాను. చదివినప్పుడు మా ఊళ్లో అందరూ గుర్తొచ్చారు, ఒక్క మా నాయన తప్ప. నా చుట్టం అనుకున్నవాడు ఆమె పక్షాన సాక్ష్యం చెప్పాడు. చేయి విడిపించుకుని కిందికి పోయి, పాలు కొనే పని ఉన్నట్టు మదర్ డెయిరీ బూత్ దగ్గర నిలబడ్డాను. ఆ వారమంతా ఆమె నాకు టీ పెట్టిచ్చింది, నేను తాగి గ్లాసు కడిగి పెట్టాను. వేరే జవాబు తయారు చేసుకోవాలని కూర్చునేదాన్ని. రాయడానికి కలం పెడితే ఆమె ఇంగ్లీషే వచ్చేది. మా నాయన గురించి నా దగ్గరున్నది తెలుగులో ఉంది. అది కూడా మా ఊరి తెలుగు. దాన్ని ఇంగ్లీషులోకి దింపితే పోస్టుమ్యాన్ పొగరులా వినబడింది.

నా రోజు వచ్చింది. నాది వేరే బోర్డు. మొదటి ప్రశ్నలు ఎలాగో దాటాను. గులాబీలు అడగలేదు. తర్వాత ఒక పెద్దాయన కాగితం చూసి, మీ నాన్నగారు ప్రభుత్వ సేవలో ఏ శాఖ అన్నాడు. తపాలా శాఖ అన్నాను. ఏ హోదా అన్నాడు. ఉత్తరాలు పంచుతారు అన్నాను. గదిలో గాలి కొంచెం మారింది. నేను ఏడాది పాటు ఎదురుచూసిన తలుపు తెరుచుకుంది. అతను కుర్చీలో ముందుకు వంగి, నువ్వు సోషియాలజీ చదివావు కదా, మీ నాన్న పనిలో నీకు వర్గం ఎక్కడ కనబడింది అన్నాడు.

నా జవాబుకు నోరు తెరిచాను. ఆమె గొంతు వచ్చింది. అదే మొదలు, అదే విరుపు, వాక్యం చివర అదే మెత్తదనం. ఆయన ఒక పోస్టుమ్యాన్ కొడుకు, నేనొక పోస్టుమ్యాన్ కూతుర్ని. ఇన్నేళ్లు ఊరంతటికీ ఉత్తరాలు మోసిన మనిషి ఏ ఇంటి గడపా దాటలేదు. ఆ గడప ఆయన ఒంట్లోనే ఉంది. సైకిలు, బెల్లు, వీధిలోకి నడిచొచ్చే పెద్దమనుషులు నా నాలుక మీదికి రాలేదు. ఆమె మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా వచ్చాయి. చెబుతున్నంతసేపూ నాకు తెలుసు, ఇది బాగుందని. వాళ్ల మొహాల్లో చూశాను. ఆ ఈజ్ నాకు మొదటిసారి వచ్చింది, అదీ ఆమెదే.

ఫలితాల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆమెది చాలా పైన, నాది కింద, అయినా ఉద్యోగం వచ్చేంత పైనే. తర్వాత మార్కులు వచ్చినప్పుడు చూసుకుంటే రాతలో నావి మామూలు, ఇంటర్వ్యూలో దాదాపు ఆమెకొచ్చినన్ని. ఆమె రెండేళ్లకు ఉద్యోగం వదిలేసి పై చదువుకు వెళ్లింది. వదిలేయడం కూడా ఆమెకు వచ్చు. ఇప్పుడు వర్గం మీద వ్యాసాలు రాస్తుంది. నేను వదల్లేదు.

ఫలితాలొచ్చిన రోజు పోస్టాఫీసు ఫోను నుంచి మా నాయన చేశాడు. చుట్టూ జనం ఉన్నట్టున్నారు, గోల వినబడుతోంది. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత పెద్దగా ఉంది.

“ఇంటర్వ్యూలో నా గురించి అడిగిరా పాపా?”

అడిగారని చెప్పాను.

“ఏం చెప్పినావు? ఒక్క గడపా తొక్కలే, అందర్నీ నడిబజారుకు పిలిపిచ్చి సంతకం పెట్టిచ్చినా అని చెప్పినావా?”

గదిలో ఆమె సూట్‌కేసు సర్దుకుంటూ నావైపు చూసి నవ్వింది. నేను గోడవైపు తిరిగాను.

“చెప్పినా నాయనా” అన్నాను.

“వింటిరా?” అని ఆయన అక్కడున్న వాళ్లందరితో అనడం నాకు వినబడింది.